శకున సౌకర్య విభాగం

పొద్దున్న విమానం కదిలేలోపు మా విమానాశ్రయంలో జరగవలసిన పనులు ఇవి:

రన్‌వే మీద కుక్కలు, గేదెలు లేకుండా చూడాలి. పిల్లి కనబడితే అది ఏ పక్కనుంచి ఏ పక్కకు పోయిందో రాసుకోవాలి. ప్రయాణికుడి సంచి తూచాలి, కాని ఆయన్ని ఎక్కడికి అని మాత్రం అడగకూడదు. తనిఖీ దగ్గర ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే రెండో తుమ్ము వచ్చేదాకా ఆపాలి. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మైకులో పిలిచినా, ఫోనులో పిలిచినా పిలుపే. గాజు తలుపు అవతల వరహాలమ్మను నిండుగా బొట్టు పెట్టి నిలబెట్టాలి. నూకరత్నం ఎవరి కంటా పడకుండా చూడాలి.

ఇవన్నీ అయ్యాక సమయం మిగిలితే మంచినీళ్ళ మిషను బాగుచేయించాలి.

ఈ జాబితా రాసింది నేనే. నా పేరు తాతారావు, ఇక్కడ జూనియర్ అసిస్టెంటును. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి. ఉద్యోగంలో చేరిన రోజున మా నాన్న ఒకటే మాట చెప్పాడు: "కాయితం మీద ఏటుందో అదే సెయ్యి. సొంత తెలివి సూపించకు, అది మనింటా వొంటా లేదు." ఆ మాట నేను ఈ రోజుదాకా తప్పలేదు. ఈ కథలో జరిగినదంతా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చెయ్యడం వల్లనే జరిగింది.

మా విమానాశ్రయం చిన్నది. విమానం ఒక్కటే. పొద్దున్న పెద్ద ఊరి నుంచి వస్తుంది, కాసేపు ఆగి అక్కడికే తిరిగి వెళ్తుంది. ఆ పెద్ద ఊరి పేరు ఇక్కడ రాయను. రాసే అలవాటు తప్పిపోయింది. విమాన కంపెనీకి ఇక్కడ మనిషిని పెట్టుకునే ఓపిక లేక కౌంటరు పని, మైకు పని కూడా మా మీదే పడేసింది. సౌకర్యాలకేమీ లోటు లేదు. పసిపిల్లలకు పాలిచ్చే గది ఉంది. దాని తాళంచెవిని ప్రారంభోత్సవం నాడు ఎవరో భద్రంగా దాచారు. సామాన్ల బళ్ళు ఉన్నాయి. అన్నీ ఎడమవైపుకే పోతాయి. మంచినీళ్ళ మిషను ఉంది, దాని మీద 'మరమ్మతులో ఉన్నది' అనే అట్ట ఉంది. మిషను కన్నా ముందు అట్టే వచ్చిందని పాతవాళ్ళు చెప్తారు.

ఇలా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి విమానాశ్రయమూ స్థానిక సంస్కృతిని ప్రతిబింబించే సౌకర్యం ఒకటి ఏర్పాటు చేయాలట. అన్నిటికన్నా వినూత్నమైన సౌకర్యం ఏర్పాటు చేసిన అధికారిని 'సముచిత రీతిలో పరిగణనలోకి తీసుకుంటారట'. మిగతా ఊళ్ళవాళ్ళు గోడలకు బొమ్మలు వేయించారు. ఒకచోట మిఠాయి కొట్టు పెట్టారు. ఇంకోచోట సన్నాయి పెట్టారు గాని, తనిఖీ దగ్గర సన్నాయి లోపల ఏముందో విప్పి చూపించమన్నారని వాయించేవాడు అలిగి వెళ్ళిపోయాడు.

మా డైరెక్టరు కోదండపాణి గారికి నిద్ర పట్టలేదు. ఆయన చాలా చదువుకున్న మనిషి. ఏ మాటా చిన్నగా చెప్పరు.

"సంస్కృతి అనేది గోడ మీద ఉండేది కాదు తాతారావ్. అది ప్రయాణికుని అంతరంగంలో ఉంటుంది. దాన్ని మనం వెలికితీయవలసి ఉన్నది."

"చిత్తం సార్. ఎలా తీయాలి?"

"అదే పరిశీలనలో ఉన్నది."

ఆ వారమే జగ్గారావు గారు ప్రయాణమై వచ్చారు. ఆయన రోడ్ల కాంట్రాక్టరు, మా విమానాశ్రయ సలహా సంఘంలో సభ్యుడు. తెల్ల చొక్కా, వేళ్ళనిండా ఉంగరాలు. కౌంటరు దగ్గర నూకరత్నం ఉంది. కంప్యూటరు ఊరి పేరు అడుగుతుంది కాబట్టి, అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగింది: "ఎక్కడికండీ?"

జగ్గారావు గారు కాలు వెనక్కి తీసుకున్నారు. వేడి నూనె చింది మీద పడ్డట్టు చూశారు.

"ఏమ్మా, బయల్దేరేవోణ్ణి ఎక్కడికి అని అడుగుతారా ఎవరైనా? మీ ఇంట్లో పెద్దోళ్ళు లేరా?"

"కంప్యూటరు అడుగుతంది బాబూ. నాకేటి పని?"

ఆయన సంచి అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళారు. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయల్దేరి వచ్చారు. మా ప్రాంతంలో అపశకునానికి మందు అదే. ఆయన వచ్చేసరికి విమానం వెళ్ళిపోయింది. విమానం వెళ్ళిపోవడంతో ఆయనకు రావలసిన రోడ్డు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఫిర్యాదు మాత్రం మాకు వచ్చింది.

దాన్ని చదివి కోదండపాణి గారు కుర్చీలోంచి లేచారు. కోపంతో కాదు.

"దొరికింది తాతారావ్!"

మర్నాటికి శకున సౌకర్య విభాగం వెలిసింది. మొదటి ఉత్తర్వు నేనే రాశాను: 'ప్రయాణమునకు ఉద్యుక్తుడైన వ్యక్తిని గమ్యస్థానము గురించి ప్రశ్నించుట ఇందుమూలముగా నిషేధించడమైనది. అత్యవసరమైనచో, దూరమా? అని మాత్రమే విచారించవలెను.' మా వైపు మర్యాద తెలిసినవాళ్ళు అలాగే అడుగుతారు కదా. బోర్డు మీంచి ఊరి పేరు తీసేశాం. విమానం ఒక్కటే, వెళ్ళేది ఒక్కచోటికే కాబట్టి పెద్ద ఇబ్బంది రాలేదు. ఒకాయన మాత్రం కౌంటరు దగ్గర "దూరమా?" అంటే "దూరమే" అని, తనిఖీ దగ్గర "దూరమే" అని, విమానం మెట్ల దగ్గర "దూరమే" అని ఎక్కేశాడు. దిగాక తెలిసింది, ఆయన మా ఊళ్ళోనే ఉన్న కూతురింటికి బస్సు స్టాండు వెతుక్కుంటూ లోపలికి వచ్చాడని. ఎవరూ అడగలేదు మరి.

తర్వాత తుమ్ము వచ్చింది. ఒక తుమ్ము చెడ్డది, రెండోది దాన్ని కొట్టేస్తుంది. ఈ సంగతి తెలిసినా ఇన్నాళ్ళూ ఏ విమానాశ్రయమూ రెండో తుమ్ముకు ఏర్పాటు చేయలేదు. మేం తనిఖీ దగ్గర నశ్యం డబ్బా పెట్టాం. ఎవరైనా ఒకసారి తుమ్మగానే కాపలా జవాను బెల్టులు, చెప్పులు పెట్టే పళ్ళెంలోనే నశ్యం పెట్టి అందిస్తాడు. ఆ జవానుది ఎక్కడో ఉత్తరాది. మొదటిరోజు నన్ను పక్కకు పిలిచి, తన తెలుగులో అడిగాడు:

"సార్, నశ్యం తీసుకోని మూడు తుమ్మితే?"

నేను డైరెక్టరు గారిని అడిగాను. బేసి సంఖ్యలో తుమ్ములను ప్రోత్సహించరాదని ఆయన వివరణ ఉత్తర్వు ఇచ్చారు.

ఆ తర్వాతే ఎదురు. బయల్దేరిన మనిషికి ముత్తైదువ ఎదురు రావాలి. దానికి ప్రకటన ఇచ్చాం: 'ఎదురు సహాయకురాలు కావలెను. వివాహిత అయి ఉండవలెను. భర్త సజీవుడై ఉండవలెను. నగుమోము. ఎదురు వచ్చుటలో అనుభవము గలవారికి ప్రాధాన్యము.' చాలామంది వచ్చారు. వరహాలమ్మ ఎంపికైంది. పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు, గట్టి మనిషి. ప్రయాణికుడు గాజు తలుపు దగ్గరికి రాగానే అవతల నుంచి ఇత్తడి బిందెతో నాలుగడుగులు ఎదురు నడవాలి. మళ్ళీ వెనక్కి పోవాలి. మళ్ళీ నడవాలి. విమానం నిండిన రోజున ఆమె నడిచిన దూరానికి పెద్ద ఊరు సగం వచ్చేస్తుంది.

భర్త సజీవుడని ప్రతి నెలా మొదటి తేదీన నిర్ధారించుకోవాలి. అందుకని వరహాలమ్మ మొగుడు సింహాచలం తన ఆటో గేటు దగ్గర ఆపి, నా బల్ల ముందుకు వచ్చి నిలబడేవాడు.

"సూసుకోండి బాబూ, ఉన్నాను. దీని ఉద్జోగం నా ఊపిరి మీద నడుస్తంది. కాస్త సేపలొండవే అంటే తోటకూరొండింది నిన్న. మీరే సెప్పండి, ఇలాగైతే నానెన్నాల్లుంటాను?"

"నోర్ముయ్," అనేది వరహాలమ్మ వెనకనుంచి. "సంతకమెట్టి ఆటో ఎక్కు."

ఒక నెల ఆటో పంక్చరై అతను మధ్యాహ్నం దాకా రాలేదు. 'భర్త స్థితి నిర్ధారణ కావలసి ఉన్నది' అని రాసి, ఆ పూట వరహాలమ్మను తెర వెనక నిలబెట్టాం. నిబంధన నిబంధనే.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. పైగా పై అధికారులు ఫొటోలు అడిగి తెప్పించుకున్నారు. అప్పుడు జగ్గారావు గారికి మరో అనుమానం వచ్చింది.

"అంతా బాగానే ఉంది డైరెక్టరు గారూ. తలుపు కాడ ముత్తైదువని పెట్టారు, బేషు. మరి కౌంటరు కాడ ఎవర్ని పెట్టారు?"

కౌంటరు దగ్గర నూకరత్నం ఉంది.

నూకరత్నం మొగుడు అప్పలసూరి మా అగ్నిమాపక దళంలోనే పనిచేసేవాడు. నిప్పు వల్ల కాదు, పచ్చకామెర్లతో పోయాడు. ఆమెకు కారుణ్య నియామకం ఇచ్చారు. ఇచ్చినప్పుడు ఒక షరతు రాశారు: రెండేళ్ళలోపు ఏడాది పాటు ప్రయాణిక సేవ చేసినట్టు ధ్రువపత్రం సంపాదిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే రద్దు. ఆమె డిగ్రీ మధ్యలో మానేసిన మనిషి. మైకు ముందు కూర్చుంటే మాత్రం వేరే గొంతు వచ్చేది. "ప్రయాణికులకు గమనిక" అంటే బయట టీ కొట్టులో వాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. మైకు ఆపగానే నా వైపు తిరిగి, "తమ్ముడూ, బాగా సదివేనా? మద్దిలో గొంతు గీరినట్టుంది కదేటి?" అనేది.

డైరెక్టరు గారు ఆమెను గదిలోకి పిలిచారు. నేను ఉత్తర్వు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"నీ మీద వ్యక్తిగతంగా నాకెటువంటి వ్యతిరేక భావమూ లేదమ్మా. నేను ఆధునికుణ్ణి. కాని ప్రయాణిక మనోభావం అనేది ఒకటున్నది. దాన్ని గౌరవించవలసిన బాధ్యత ఈ సంస్థ మీద ఉన్నది."

"అంటే కౌంటరు కాడ ఉండొద్దంటారేటండి?"

"ప్రస్తుతానికి."

"మరి ఏడాది సర్వీసు కాయితం ఎవులిస్తారండి? పేసింజర్ల కాడ పన్జెయ్యాల అనీసి మీరే రాసినారు."

"ఆ షరతు యథాతథంగా వర్తిస్తుంది."

నూకరత్నం నా చేతిలోంచి ఉత్తర్వు తీసుకుంది.

"మా ఆయన సచ్చిపోనాడు కాబట్టి లోపలికి రమ్మన్నారు. సచ్చిపోనాడు కాబట్టి బయిటికి పొమ్మంటన్నారు. ఒక్క మనిసి ఎన్నిసార్లు సస్తాడండీ?"

"భావోద్వేగం వద్దమ్మా. ఒకవేళ మీ ఆయన బతికే ఉంటే, నువ్వు కౌంటరు దగ్గర ఉండడానికి ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండేది కాదు."

"బతికే ఉంటే మీరు నాకు ఉద్జోగమెందుకిత్తారండీ?"

"చూశావా, ఎంత చక్కగా అర్థం చేసుకున్నావో!" అన్నారు కోదండపాణి గారు నిజమైన సంతోషంతో.

ఉత్తర్వు మీద సంతకం ఆయనదే. అప్పుడు నియామకం మీద ఉన్నదీ ఆయన సంతకమే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండోది ఇంకొంచెం అందంగా వచ్చింది.

మొదట ఆమెను రాక విభాగంలో వేశాం. వచ్చేవాళ్ళకు శకునంతో పనిలేదు కదా అనుకున్నాం. నూకరత్నం కూడా సరేనంది. వచ్చేవాళ్ళూ ప్రయాణికులే, అదీ సర్వీసే. కాని కొన్నాళ్ళకు జగ్గారావు గారు విమానం దిగి సంచి తీసుకుంటూ ఆమెను చూశారు. చూసి ఆలోచించారు. విమానం దిగిన మనిషి అక్కడే ఉండిపోడు. ఇంటికి బయల్దేరతాడు. మరి అదీ ప్రయాణమే.

కోదండపాణి గారు ఈ వాదానికి ముగ్ధులయ్యారు. "తాత్విక దృష్టితో చూస్తే రాక అనేదే లేదు తాతారావ్. ఉన్నదంతా పోకే."

అలా నూకరత్నం పక్షి నివారణ కేంద్రానికి వెళ్ళింది. పేరు పెద్దదే. రన్‌వే చివర సముద్రం వైపున్న రేకుల షెడ్డు అది. పక్కన ఉప్పునీటి మడుగులు, వాటి నిండా కొంగలు. విమానం వచ్చే ముందూ వెళ్ళే ముందూ డబ్బా వాయించి, టపాకాయలు కాల్చి కొంగల్ని తోలాలి. పసుపు కోటు ఇచ్చాం. టెర్మినల్ నుంచి చూస్తే ఆమె అగ్గిపుల్లంత కనిపిస్తుంది. "ఇక ఎవరికీ అభ్యంతరం ఉండదు" అని ఫైలు మూసేశాను.

ఫైలు వారం రోజులు కూడా మూసి ఉండలేదు. ఈసారి జగ్గారావు గారికి కిటికీ సీటు వచ్చింది. విమానం పరుగెత్తుతుంటే, ఎదురుగా చివర పసుపు కోటు కనిపించింది. దిగగానే ఫోను చేశారు.

"ఇదేం అన్యాయమండీ! ఇదివరకు కౌంటరు కాడ ఒక్కొక్కళ్ళకే ఎదురొచ్చేది. ఇప్పుడు ఏకంగా విమానానికే ఎదురొస్తోంది. అందరికీ ఒకేసారి!"

ఇది మాకు తట్టలేదు. డైరెక్టరు గారు వెంటనే కంట్రోలు టవరుకు రాశారు: 'విమానము ఇకపై వ్యతిరేక దిశలో బయల్దేరునట్లు తగు చర్య తీసుకొనవలెను.' టవరులో ఉండే ఆయనకు శకునాల మీద ఆసక్తి లేదు. ఒక్క వాక్యంలో జవాబు రాశాడు: 'విమానం గాలికి ఎదురు లేవాలి, గాలి సముద్రం నుంచి వస్తోంది.'

"గాలి ఏ శాఖ కిందికి వస్తుంది?" అని కోదండపాణి గారు అడిగారు. నేను వెతికాను. ఏ శాఖ కిందికీ రాదు.

చివరికి ఆయనే దారి కనిపెట్టారు. మనిషి ఉంటేనే ఎదురు కాదు, మొహం ఉంటేనే ఎదురు. ఉత్తర్వు రాశాను: 'విమానము పరుగు ప్రారంభించినది మొదలు కనుమరుగగు వరకు సదరు ఉద్యోగిని రన్‌వేకు వీపు చూపి నిలబడవలెను. ఆ సమయమున కొంగలను చెవులతో గమనించవలెను.'

దాన్ని ఇవ్వడానికి నేనే షెడ్డుకు వెళ్ళాను. విమానం వెళ్ళిపోయిన వేళ. నూకరత్నం, వరహాలమ్మ కలిసి అన్నం తింటున్నారు. వరహాలమ్మ బిందె అక్కడే బోర్లించి ఉంది. రోజూ పని అవగానే క్యారేజీ పట్టుకుని ఆ ఎండలో రన్‌వే పక్కన అంత దూరం ఆమె నడిచి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

"రా తమ్ముడూ, కూకో. ఏటి తెచ్చినావు, కాయితమేనా? నువ్వు అప్పుడప్పుడు సేపలు కూడా తేవొచ్చు," అంది నూకరత్నం. చదివింది. వరహాలమ్మకు ఇచ్చింది. వరహాలమ్మకు చదువు రాదు. తిప్పి చూసి నాకు ఇచ్చేసింది.

"ఏటంట?"

"విమానం పరుగెత్తేటప్పుడు అటు తిరిగి నిలబడాలట," అన్నాను.

"ఓసోస్, అంతేనా? నాను మొకమెట్టి నిలబడాల, నువ్వు వీపెట్టి నిలబడాల. మనిద్దరికీ తేడా ఏటుందో సూడు, రూపాయి బిళ్ళంత కుంకం." వరహాలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. "నాకూ బయమే పిల్లా. రేపు ఆ ఆటో ఏ లారీ కిందో ఎలిపోతే నానూ ఈ సెడ్డుకే వొస్తాను. కాస్త జాగా ఉంచు."

"మీ ఆయనకేటవ్వదు. ఎలాగున్నాడు?"

"ఉన్నాడు. ఆడు సేసే పని అదొక్కటే కదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. రెండేళ్ళ గడువు దగ్గరకొస్తోందని, కౌంటరులో, రాక విభాగంలో కలిపినా ఏడాది నిండలేదని చెప్పాను. కొంగల పని ప్రయాణిక సేవ జాబితాలో లేదు.

"తెలుసు తమ్ముడూ," అంది నూకరత్నం. "మైకులో మాటాడి ఎన్నాల్లయిపోనాదో. ఇప్పుడు కొంగలకి సెప్తన్నాను. ప్రయాణికులకు గమనిక, దయచేసి మీ మీ సామానుతో లేచి ఎగిరిపోవలెను అనీసి. ఇంటాయి పాపం. మనుసులకన్నా బాగా ఇంటాయి."

ఎండాకాలం వచ్చేసరికి రెండు కాగితాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి కోదండపాణి గారికి పదోన్నతి. శకున సౌకర్యం ఆయన్ని పెద్ద ఊళ్ళోని ప్రాంతీయ కార్యాలయంలో పెద్ద కుర్చీ దాకా తీసుకెళ్ళింది. పంచాంగం చూసి సోమవారం చేరడానికి ఖాయం చేసుకున్నారు. రెండోది నూకరత్నానికి. సర్వీసు చాలనందున ఉద్యోగం ఎందుకు రద్దు చేయకూడదో అదే సోమవారం మధ్యాహ్నం, అదే ప్రాంతీయ కార్యాలయంలో, ఆ పెద్ద కుర్చీలో ఉన్న అధికారి ముందు హాజరై చెప్పుకోవాలి. రాకపోతే చెప్పుకొనేదేమీ లేదని భావించబడును. అంటే ఆమెను షెడ్డుకు పంపినవారే, షెడ్డులో ఎందుకున్నావని అడగబోతున్నారు.

ఆ నోటీసు మా దగ్గరికి శనివారం సాయంత్రం వచ్చింది. రైళ్ళలో, బస్సుల్లో చోటు లేదు. నేను నిబంధనల పుస్తకం తీశాను. విచారణకు పిలిచిన ఉద్యోగి ప్రయాణం విధి నిర్వహణ కిందికి వస్తుంది. మరో దారి లేనప్పుడు విమానంలో సీటు ఇవ్వవలెను. 'ఇవ్వవచ్చును' అని లేదు, 'ఇవ్వవలెను' అని ఉంది. ఇచ్చాను. ఎవరికి ఇవ్వకూడదో ఆ పుస్తకంలో రాసి లేదు.

సోమవారం పొద్దున్న నూకరత్నం ఆకుపచ్చ చీర కట్టుకుని అందరికన్నా ముందు వచ్చింది. కౌంటరు దగ్గర నేనున్నాను.

"దూరమా?" అన్నాను, ఉత్తర్వు ప్రకారం.

"దూరమే తమ్ముడూ," అంది. "నీలాగ మెత్తగా అడుగుతారేటి అక్కడ? నోరెండిపోతంది. ఆ మిసను బాగయ్యుంటే కాసిని మంచినీల్లు తాగొస్తాను."

హాలు ఆ చివర ఉన్న మిషను దగ్గరికి వెళ్ళింది. అది పనిచెయ్యదు. కాబట్టి వెనక్కి తిరిగింది.

సరిగ్గా అప్పుడే కోదండపాణి గారు సన్మానం శాలువాతో లోపలికి అడుగుపెట్టారు. అంతా లెక్కప్రకారమే జరిగింది. ఎవరూ ఎక్కడికి అనలేదు. వరహాలమ్మ బిందెతో ఎదురు వచ్చింది. ఆయన చిరునవ్వుతో తల పంకించి, ఆమెను దాటి నాలుగడుగులు వేశారు. హాలు ఆ చివర నుంచి, చేతిలో ఖాళీ సీసాతో, నూకరత్నం తిన్నగా ఆయనకు ఎదురు వస్తోంది.

ఆయన ఆగిపోయారు.

"ఈవిడ... తాతారావ్! నా ప్రయాణం దృష్ట్యా ఈవిడకు సెలవు ఇమ్మన్నాను కదా? ఇక్కడేమిటి? ఎక్కడికి..."

మాట నోట్లోంచి వచ్చేసింది. స్వయంగా ఆయన నోట్లోంచే. శాలువా కొంగుతో నోరు మూసుకున్నారు.

"ఆమె ప్రయాణికురాలు సార్. ప్రయాణికుల మనోభావాలు గౌరవించాలి," అన్నాను. వెటకారానికి కాదు. ఆ వాక్యం ఉత్తర్వులో మూడో పేరాలో ఉంది.

"మంచినీల్లు లేవండి అక్కడ," అంది నూకరత్నం ఆయనతో, ఫిర్యాదుగా కాదు, కబురుగా.

ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. ఆయన క్వార్టరు ప్రహరీ అవతలే. కాళ్ళు కడుక్కుని, కూర్చుని, నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరి వస్తారు. వెళ్తూ వెళ్తూ "ఇప్పుడే వస్తాను, ఇప్పుడే వస్తాను" అన్నారు. విమానాన్ని ఆపమనలేదు. అన్నా, ఆపడం నా పని కాదు. నా పని మైకు.

ప్రయాణికులు ఎక్కారు. ఒక సీటు ఖాళీ. విమానం దగ్గర నుంచి అడిగారు, ఇంకెవరైనా ఉన్నారా, తుది పిలుపు ఇస్తారా అని. మైకు నా ముందే ఉంది. నేను జాబితా చూశాను. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మైకులో పిలిచినా పిలుపే, ఫోనులో పిలిచినా పిలుపే.

"పిలండి బాబూ," అంది వరహాలమ్మ. "పెద్దాయన మిగిలిపోతాడు."

"రూలు."

వరహాలమ్మ బిందె చంకన పెట్టుకుంది. "అయితే వొద్దు," అంది. "రూలంటే రూలే."

తలుపు మూశారు.

అక్కడ క్వార్టరు దగ్గర ఏం జరిగిందో డ్రైవరు తర్వాత చెప్పాడు. అయ్యగారు కాళ్ళు కడుక్కున్నారు, కూర్చున్నారు, నీళ్ళు తాగారు, కారెక్కారు. సరిగ్గా కారు కదిలే ముందు డ్రైవరు తుమ్మాడు. ఒక్కటే. ఆయన కారు ఆపించి, రెండోది తుమ్మమన్నారు. రాలేదు. నశ్యం డబ్బా టెర్మినల్లో ఉంది. దానికి మనిషిని పంపుదామంటే, ఆ మనిషి కూడా బయల్దేరాలి కదా. డ్రైవరు ఎండకేసి చూశాడు, గడ్డిపరక ముక్కులో పెట్టుకున్నాడు. "ప్రయత్నించవయ్యా, చిత్తశుద్ధితో ప్రయత్నించు" అని అయ్యగారు బతిమాలుతుండగా విమానం వాళ్ళ తలల మీదుగా వెళ్ళిపోయింది.

ప్రాంతీయ కార్యాలయంలో ఆ రోజు రిటైరవుతున్న పాత అధికారి, కొత్తాయన రాకపోవడంతో, దండ మెళ్ళో వేసుకునే ఫైళ్ళు చూస్తూ కూర్చున్నాడు. ఏం జరిగిందో నూకరత్నమే నాకు చెప్పింది.

"ప్రయాణిక సేవ చేశావా?" అన్నాడట.

"కొంగల్ని తోలినానండి."

"ఎక్కడినుంచి?"

"విమానం దార్లోంచండి."

"విమానంలో ఎవరుంటారు?"

"పేసింజర్లండి."

ఆయన మరేమీ అడగలేదు. సంతకం పెట్టాడు. ఆయనకు రైలు టైమవుతోంది. ఉద్యోగం ఖాయమైంది, 'ప్రస్తుతము నిర్వహించుచున్న స్థానమునందే'. అంటే ఆ రేకుల షెడ్డులోనే, రిటైరయ్యేదాకా.

"పోన్లే తమ్ముడూ," అంది తిరిగొచ్చాక. "మైకు రాదని ముందే తెలుసు. ఒకటి సెప్పనా? విమానం లెగిసినప్పుడు కిటికీలోంచి సూసినాను. మన సెడ్డు కనపడింది. ఎవులూ లేరు అక్కడ. కొంగలున్నాయి అంతే. రోజూ ఇంతమంది ఇలాగే ఎల్తారు కదేటి, అడ్డెవులూ లేకుండా ఉంటే ఎలాగ అనిపించింది."

కోదండపాణి గారు మర్నాడు రోడ్డు మార్గాన వెళ్ళి చేరారు. ఆ దారిలో ఆయనకు ఎవరెవరు ఎదురొచ్చారో లెక్క లేదు. చేరగానే మా శకున సౌకర్యాన్ని అన్ని విమానాశ్రయాలకూ ఆదర్శంగా పంపారు. వీపు చూపే ఉత్తర్వు అమలవుతున్నదా అని నెలనెలా అడుగుతారు. 'అమలగుచున్నది' అని రాస్తాను. కాగితం మీద ఉన్నది చెయ్యమన్నాడు మా నాన్న. అది జరుగుతోందో లేదో చూసి రమ్మనలేదు. రన్‌వే చివరిదాకా నడిచి చూడమని ఉత్తర్వులో లేదు.

మీరెప్పుడైనా మా ఊళ్ళో విమానం ఎక్కితే... ఎక్కడికి అని నేను అడగను. లోపల వరహాలమ్మ ఎదురొస్తుంది, నవ్వండి, ఆమె కాళ్ళు చాలా నొప్పులు. మంచినీళ్ళు మీరే తెచ్చుకోండి. విమానం పరుగందుకున్నాక మాత్రం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చోకండి. నేల వదిలే ముందు ఒక్క క్షణం కిటికీలోంచి చూడండి. పసుపు కోటులో ఒక మనిషి మీ వైపే మొహం పెట్టి నిలబడి ఉంటుంది. కొంగలు అప్పటికే లేచిపోయి ఉంటాయి. మీరు క్షేమంగా దిగాక, ఎవరి మొహం చూసి బయల్దేరామో అని అనిపిస్తే, ఆమె పేరు నూకరత్నం. ఒక్కసారి తలుచుకోండి.